ఈతకొలను, వ్యాయామశాలకు సామగ్రి బిగించే ముందు జాగ్రత్తలు

విశాఖలో కొత్త విశ్వవిద్యాలయ క్రీడా కేంద్రానికి సామగ్రి తెప్పిస్తున్నవారు ముందుగా ఉప్పుగాలి సంగతి చూడాలి.

• నిచ్చెనలు, చేత్తో పట్టుకునే కడ్డీలు, బోల్టులు 316 రకం స్టెయిన్‌లెస్ స్టీలువే కావాలని కొనుగోలు పత్రంలో రాయించండి. 304 రకం చూపుకు అచ్చం అలాగే ఉంటుంది, కానీ అందులో తుప్పును అడ్డుకునే మాలిబ్డినం అనే లోహం ఉండదు. సముద్రపు గాలికి క్లోరిన్ తోడైతే త్వరగా తుప్పు మచ్చలు తేలతాయి. సరుకు దిగగానే తయారీదారు పరీక్షాపత్రం చూసి తీసుకోండి. మూసిన ఈతకొలను పైకప్పుకు బరువులు వేలాడదీసేచోట 316 కూడా చాలదు, లోలోపల పగుళ్లు వస్తాయి. ఇంజినీరును అడగకుండా బిగించవద్దు.

• క్లోరిన్ మందు, ఆమ్లం ఒకే గదిలో వద్దే వద్దు. కలిస్తే విషవాయువు పుడుతుంది. కొలపాత్రలు కూడా వేరువేరుగా ఉండాలి. పలచన చేసేటప్పుడు నీళ్లలోకే ఆమ్లం పోయాలి.

• దూకే దిమ్మెలు బిగించే ముందు లోతు కొలవండి. దిమ్మెలుండే గోడకు 1 మీటరు దూరం నుంచి 6 మీటర్ల దూరం వరకు కనీసం 1.35 మీటర్ల నీళ్లుండాలి. చాలకపోతే దిమ్మెలు మానేయండి. పిల్లల మెడ కన్నా పోటీలు ఎక్కువ కాదు.

• అడుగున నీళ్లు లాగే జాలీలు కనీసం రెండు, దూరదూరంగా ఉండాలి. ఒక్కటే ఉంటే జుట్టో చెయ్యో పట్టుకుపోతుంది.

• కరెంటు లైన్లకు 30 మిల్లీఆంపియర్ల లీకేజీకే సరఫరా ఆపేసే ఆర్‌సీసీబీ అనే రక్షణ స్విచ్చు తప్పనిసరి.

• బరువుల గదికి రబ్బరు పరుపులు.

• 2014 అక్టోబరు హుద్‌హుద్ తుపానును చూసిన ఊరిది. ఆరుబయటి కుర్చీలు, గొడుగులు లోపలికి చేర్చే చోటు ఇప్పుడే కేటాయించండి.

• శిక్షణ పొందిన రక్షకులు విధుల్లో చేరాకే ఈతకొలను తెరవండి.