పాస్‌పోర్టులో ఇంటిపేరు గడి ఖాళీ: అమెరికా స్టూడెంట్ వీసా (ఎఫ్-1)కి నేను చేసింది

నా పాస్‌పోర్టులో సర్‌నేమ్ దగ్గర ఏమీ లేదు. ఇంటిపేరుతో సహా పేరంతా గివెన్ నేమ్‌లోనే ఉంది. మనవాళ్లలో చాలామందిది ఇదే పరిస్థితి. యూనివర్సిటీ పంపిన ఐ-20లో (వీసాకి కావాల్సిన అడ్మిషన్ పత్రం) మాత్రం పేరు రెండు ముక్కలై, చివరి మాట సర్‌నేమ్‌గా వచ్చింది.

కన్సల్టెన్సీ "ఏం ఫర్వాలేదు" అంది, పాస్‌పోర్టు రీఇష్యూకి టైమ్ లేదు, అఫిడవిట్‌తో పని జరగలేదు.

ఫలించింది ఇది. ముందు డీఎస్-160 (ఆన్‌లైన్ వీసా దరఖాస్తు) జోలికి పోకుండా, పాస్‌పోర్టు మొదటి, చివరి పేజీలు స్కాన్ చేసి యూనివర్సిటీ ఇంటర్నేషనల్ ఆఫీసులోని డీఎస్ఓకి (విదేశీ విద్యార్థుల రికార్డులు చూసే అధికారి) మెయిల్ పెట్టాను. "సర్‌నేమ్ ఖాళీగా ఉంది, పేరంతా సర్‌నేమ్/ప్రైమరీ నేమ్ గడిలో పెట్టండి" అని ఒక్క వాక్యంలో అడిగాను. ఎక్కువ రాస్తే విషయం మరుగున పడుతుంది. కొత్త ఐ-20 వచ్చింది. ఎన్ అక్షరంతో మొదలయ్యే సెవిస్ (అమెరికా ప్రభుత్వ విదేశీ విద్యార్థుల రికార్డు వ్యవస్థ) నంబరు మారలేదు, అది తప్పక సరిచూసుకోండి. ఆ తర్వాతే 350 డాలర్ల ఐ-901 ఫీజు (సెవిస్ ఫీజు) కట్టాను. చివరికి డీఎస్-160లో సర్‌నేమ్స్ గడిలో పేరంతా, గివెన్ నేమ్స్‌లో ఎఫ్‌ఎన్‌యూ (ఫస్ట్ నేమ్ అన్‌నోన్) అని నింపాను. అపాయింట్‌మెంట్ ప్రొఫైల్లోనూ అలాగే. ఇంటర్వ్యూలో పేరు గురించి ప్రశ్నే రాలేదు, వీసా మీద కూడా అలాగే పడింది.

ఇది అమెరికా ఎఫ్-1 సంగతి మాత్రమే. వేరే దేశాలకి పనికొస్తుందని చెప్పలేను. ఫీజు ముందే కట్టేసి ఉంటే, పేరు సవరణ గురించి డీఎస్ఓనే అడగండి.