గ్లోబు మీద గీతలు – 3వ పాఠం: శ్రీకాకుళానికి చుక్క పెడదాం

గుమ్మడికాయ మీది చారలు తొడిమ దగ్గర కలుసుకున్నట్టే రేఖాంశాలన్నీ ధ్రువాల దగ్గర కలుస్తాయని రెండో పాఠంలో చూశాం. ఆ ఒక్క సంగతి మరిచిపోతే ఊరు ఎంత దూరం జరిగిపోతుందో ఇవాళ కొలిచి చూద్దాం.

30 సెం.మీ. వ్యాసమున్న గ్లోబు, దారం, సన్నటి కాగితం పీలిక, స్కేలు, బాగా చెక్కిన పెన్సిలు దగ్గర పెట్టుకోండి. శ్రీకాకుళం 18.3 డిగ్రీల ఉత్తర అక్షాంశం, 83.9 డిగ్రీల తూర్పు రేఖాంశం దగ్గర ఉంది.

ముందు అక్షాంశం. భూమధ్యరేఖ వెంట దారం చుట్టి కొలిస్తే సుమారు 94 సెం.మీ. వస్తుంది. అందులో నాలుగో వంతు, అంటే 23.5 సెం.మీ., భూమధ్యరేఖ నుంచి ధ్రువం దాకా ఉన్న 90 డిగ్రీలు. డిగ్రీకి 2.6 మి.మీ. చొప్పున 18.3 డిగ్రీలకు 4.8 సెం.మీ. 80, 90 డిగ్రీల రేఖాంశాల మీద భూమధ్యరేఖ నుంచి అంత పైకి కొలిచి గుర్తులు పెట్టి, రెంటినీ సన్నగా కలపండి. స్టాండు మీద గ్లోబు 23.5 డిగ్రీలు వాలి ఉంటుంది. అందుకని కంటికి అడ్డంగా కనిపించే దిక్కును నమ్మకండి, గీతనే పట్టుకుని కొలవండి.

అసలు మెలిక రేఖాంశంలో ఉంది. 80 నుంచి 90 దాకా భూమధ్యరేఖ మీద కొలిస్తే 26.2 మి.మీ. మనం గీసిన గీత మీద పీలిక ఆనించి కొలిస్తే 24.9 మి.మీ. మాత్రమే. ఈ రెండో కొలతనే వాడాలి: 24.9లో పదింట 3.9 వంతులు, అంటే 9.7 మి.మీ. 80 డిగ్రీల గీత నుంచి తూర్పుకు అంత కొలిచి చుక్క పెట్టండి. అదే శ్రీకాకుళం.

భూమధ్యరేఖ కొలత వాడితే 10.2 మి.మీ. వచ్చేది. అర మిల్లీమీటరే కదా అనిపిస్తుంది. కానీ ఈ గ్లోబు మీద ఒక మిల్లీమీటరంటే నేల మీద 42 కిలోమీటర్లు. ఆ అర మిల్లీమీటరుకే చుక్క తూర్పుకు 21 కిలోమీటర్లు జరిగి, దాదాపు కళింగపట్నం ఒడ్డుకు చేరుతుంది. ఒక డిగ్రీ రేఖాంశం భూమధ్యరేఖ దగ్గర 111 కిలోమీటర్లు, మన దగ్గర 106 కిలోమీటర్లు, 60 డిగ్రీల అక్షాంశం దగ్గర భూమధ్యరేఖ దగ్గరి దానిలో సగమే.

ఎక్కువమంది తప్పేది ఇంకొకచోట ఉంది. ఫోనులో 18.30 అని కనిపిస్తే దాన్ని 18 డిగ్రీల 30 నిమిషాలుగా చదువుతారు. డిగ్రీకి 60 నిమిషాలు కాబట్టి 18.30 అంటే 18 డిగ్రీల 18 నిమిషాలు. ఆ 12 నిమిషాల తేడాకు ఊరు 22 కిలోమీటర్లు ఉత్తరానికి పోతుంది. అంకెలు తారుమారైతే మరీ ఘోరం: 83.9 అక్షాంశం, 18.3 రేఖాంశం అంటే ఆర్కిటిక్ సముద్రం!

విజయనగరాన్ని (18.1, 83.4) కూడా గుర్తించండి. రెండు చుక్కల మధ్య 1.3 మి.మీ. ఉండాలి. పెన్సిలు మొన మొద్దుగా ఉంటే రెండు ఊళ్లూ ఒకే చుక్కలో కలిసిపోతాయి.

ఇంటిపని: ఇచ్ఛాపురం (19.1, 84.7). భూమధ్యరేఖ నుంచి 5 సెం.మీ. పైన, 80 డిగ్రీల గీతకు 11.6 మి.మీ. తూర్పున రావాలి. 12.3 వచ్చిందంటే పీలికను మళ్లీ భూమధ్యరేఖ మీదే పెట్టారన్నమాట.