మంచు పడిన రోడ్డు మీద మోటార్‌సైకిల్ నడపడం ఎలా?

పంతొమ్మిదేళ్ళ వయసులో, ఆ శీతాకాలపు తొలి మంచు కురిసి వెలిసిన ఉదయాన, స్నేహితుణ్ణి వెనుక కూర్చోబెట్టుకుని బండి తీశాను. పల్లంలోకి దిగే మలుపు దగ్గర, రోజూ చేసే పనే కదా అని ముందు బ్రేకు మీద రెండు వేళ్ళు వేశాను. హ్యాండిల్ ఒక్కసారిగా తేలికైపోయింది. ఏం జరిగిందో తెలిసేలోపే ఇద్దరం రోడ్డు మీద జారిపోతున్నాం, బండి మాకంటే ముందు గిరగిరా తిరుగుతూ పోతోంది. నా స్నేహితుడి మణికట్టు విరిగింది. అప్పుడు మా వేగం గంటకు 30 కిలోమీటర్లు కూడా లేదు. మంచులో బండి నడపాలని ఉబలాటపడే వయసులో ఉన్నవారి కోసం, ఆనాడు నాకు తెలియని విషయాలను వరుసగా చెబుతున్నాను.

పొడి తారురోడ్డు మీద టైరుకూ రోడ్డుకూ మధ్య ఘర్షణ గుణకం, అంటే పట్టు ఎంత ఉందో చెప్పే సంఖ్య, 0.7 వరకు ఉంటుంది. అణిగి గట్టిపడిన మంచు మీద అది సుమారు 0.2కు, గడ్డకట్టిన నీటి మీద 0.1కు, ఒక్కోసారి అంతకంటే కిందికి పడిపోతుంది. గంటకు 40 కిలోమీటర్ల వేగంతో పోతున్న బండి బ్రేకు వేశాక పొడి రోడ్డు మీద 9 మీటర్లలో ఆగగలిగితే, గడ్డకట్టిన రోడ్డు మీద 60 మీటర్లు దాటినా ఆగదు. మలుపులో బండిని వాల్చగలిగే కోణం కూడా దాదాపు 35 డిగ్రీల నుంచి 6 డిగ్రీలకు తగ్గిపోతుంది. బ్రేకు, మలుపు, యాక్సిలరేటర్ మూడూ ఆ కొద్దిపాటి పట్టునే పంచుకోవాలి. అందువల్ల మంచులో ఒక సమయంలో ఒక్క పనే చేయాలి, దాన్నీ నెమ్మదిగా చేయాలి. కింద చెప్పే ప్రతి సూచనకూ మూలం ఇదే.

మొదటి పని, బయలుదేరాలా వద్దా అని తేల్చుకోవడం. రోడ్డు మీదికి నడిచి వెళ్ళి, బూటు అడుగును నేలకు అదిమి ముందుకు తోసి చూడండి. కాలు సునాయాసంగా జారితే ఆ పూట బండి తీయకండి. చలి మరీ తీవ్రంగా ఉన్నప్పటి కంటే ఉష్ణోగ్రత సున్నా డిగ్రీల దరిదాపుల్లో ఉన్నప్పుడే గడ్డ మంచు ఎక్కువగా జారుతుంది, ఎందుకంటే అప్పుడు దాని మీద పలుచని నీటి పొర నిలుస్తుంది. వంతెనలకు పైనుంచీ కిందినుంచీ చల్లగాలి తగులుతుంది కనుక మిగతా రోడ్డు కంటే అవే ముందు గడ్డకడతాయి. చెట్ల నీడ పడే మలుపులు మధ్యాహ్నమైనా కరగవు. తారు నలుపులో కలిసిపోయి కేవలం తడిలాగా మెరిసే పలుచని మంచుపొర అన్నిటికంటే ప్రమాదకరం. ముందు పోతున్న వాహనాల చక్రాల నుంచి నీటి తుంపర లేవకపోతే, ఆ మెరుపును తడి అని నమ్మకండి.

తరువాత టైర్లు చూసుకోవాలి. ఉష్ణోగ్రత సుమారు 7 డిగ్రీల కంటే తగ్గితే మామూలు టైరు రబ్బరు గట్టిపడి పట్టు కోల్పోతుంది. చలికి టైరులో గాలి కూడా తగ్గుతుంది కనుక, బండి తీయకముందే కొలిచి సరిచేసుకోవాలి. గడ్డకట్టిన ట్రాక్ మీద జరిగే ఐస్ స్పీడ్‌వే మోటార్‌సైకిల్ పందేల దృశ్యాలు చూసి మంచు మీద బండిని పడుకోబెట్టి తిప్పాలని చాలామంది కుర్రవాళ్ళకు అనిపిస్తుంది. ఆ బండ్ల టైర్ల నిండా దాదాపు 28 మిల్లీమీటర్ల ఇనుప మేకులు ఉంటాయని, అసలు వాటికి బ్రేకులే ఉండవని తెలుసుకోవాలి. మేకులున్న టైర్లను మామూలు రోడ్డు మీద వాడడంపై దేశానికో నిబంధన ఉంది.

చేతులను వెచ్చగా ఉంచుకోవడాన్ని సుఖం కోసం చేసే పనిగా చూడకండి. కొంకర్లు పోయిన వేళ్ళకు బ్రేకును ఎంత నొక్కుతున్నాయో తెలియదు, బ్రేకు పట్టడం మొదలైన చోట ఆగలేవు. వేడిచేసే గ్రిప్పులు గాని, హ్యాండిల్‌కు తొడిగే మందపాటి తొడుగులు గాని ఉంటే మంచిది. హెల్మెట్ అద్దం మీద ఆవిరి పట్టకుండా లోపల అమర్చే రెండో పొరను బిగించుకోండి.

ఇక బండిని కదిలించేటప్పుడు రెండో గేరులో, క్లచ్‌ను మెల్లగా వదులుతూ కదిలించండి. మొదటి గేరు బలానికి వెనుక చక్రం ఉన్నచోటే తిరుగుతుంది. కదిలాక బండిని నిటారుగా ఉంచి, చేతులు బిగబట్టకుండా, చూపు దూరంగా నిలపండి. మలుపుకు చాలా ముందే, రోడ్డు తిన్నగా ఉన్నప్పుడే వేగం తగ్గించుకోవాలి. యాక్సిలరేటర్‌ను ఒక్కసారిగా వదిలినా, గేరును కటుక్కున తగ్గించినా ఇంజన్ వెనుక చక్రాన్ని పట్టేస్తుంది. బ్రేకు తప్పనిసరైతే వెనుక బ్రేకును కాలి బొటనవేలి బరువుతో తాకండి, చక్రం జారినట్టు అనిపించగానే వదలండి. ముందు బ్రేకు ముట్టుకోకపోవడమే కొత్తవారికి క్షేమం. వీటన్నిటినీ వాహనాలు తిరగని ఖాళీ, చదును స్థలంలో, నడక వేగంతో, ఒంటరి సవారీగా, దగ్గర్లో ఒకరిని నిలబెట్టుకుని సాధన చేయండి. వెనుక ఎవరినీ ఎక్కించుకోకండి. ఈ మాట నేను ఎంతో బాధతో రాస్తున్నాను.

బండి పడిపోతుంటే దాన్ని ఆపాలని చూడకుండా హ్యాండిల్ వదిలేయండి. పడ్డాక ముందు రోడ్డు పక్కకు చేరుకోండి, ఎందుకంటే వెనుక వచ్చే కారు కూడా అదే మంచు మీద జారుతూ వస్తుంది. బండిని ఆ తరువాత, ఎవరైనా వాహనాలను గమనిస్తుండగా లేపవచ్చు.

ఇల్లు చేరాక, రోడ్డు మీద చల్లిన ఉప్పు ఇనుమును తినేయకముందే బండిని చల్లని నీళ్ళతో కడిగి, తడి ఆరాక చైనుకు లూబ్రికెంట్ పట్టించండి.