సూది గుచ్చే ముందు చూడాల్సినవి: కుక్కల్లో పురుగుల పరీక్షలు

నేను పెంపుడు జంతువుల ల్యాబ్‌లో పనిచేస్తాను. కుక్కకు పురుగులు ఉన్నాయేమో అనగానే రక్తపరీక్ష తప్పదనుకుని హడలిపోతారు చాలామంది. కుక్క కన్నా వాళ్లకే ఎక్కువ టెన్షన్. పేగుల్లో ఉండే వాటిలో చాలావరకు సూదితో పని లేదు, మలం సరిగ్గా తెస్తే చాలు. తిప్పలన్నీ ఆ ‘సరిగ్గా’ దగ్గరే.

అప్పుడే వేసింది, మట్టి అంటని భాగం చూసి తీయండి. మట్టిలో బతికే పురుగులు కలిస్తే మాకు గందరగోళం. టీస్పూనుడు చాలు. ఐస్‌క్రీం డబ్బా నిండా తెచ్చేవాళ్లున్నారు, అంత అక్కర్లేదు! జిగురో రక్తపు చారో కనిపిస్తే ఆ ముక్క వదలకండి. ఆలస్యమయ్యేలా ఉంటే మూత పెట్టి ఫ్రిజ్‌లో ఉంచండి, ఫ్రీజర్‌లో మాత్రం వద్దు. వెచ్చగా వదిలేస్తే హుక్‌వార్మ్ (పేగుకు కరుచుకుని రక్తం పీల్చే పురుగు) గుడ్లు ఒక్క రోజులోనే పగిలి లార్వాలు, అంటే పిల్ల పురుగులు, బయటికొచ్చేస్తాయి. దగ్గే కుక్కకు లంగ్‌వార్మ్ (ఊపిరితిత్తుల పురుగు) పరీక్ష రాశారా? అప్పుడు తాజాగానే తేవాలి. అందులో బతికున్న లార్వాలు గోరువెచ్చని నీళ్లలోకి వాటంతటవే దిగాలి మరి.

మామూలుగా అయితే మలాన్ని చిక్కటి పంచదార ద్రావణంలోనో జింక్ సల్ఫేట్‌లోనో కలిపి సెంట్రిఫ్యూజ్ అనే యంత్రంలో గిరగిరా తిప్పుతాం. తేలికైన గుడ్లు పైకి తేలి కవర్‌స్లిప్ అనే పల్చటి గాజుబిళ్లకు అంటుకుంటాయి. పంచదారలో జియార్డియా (పేగుల్లో బతికే సూక్ష్మజీవి) సిస్టులు, అంటే పెంకు కట్టుకున్న రూపాలు, ముడుచుకుపోతాయి కాబట్టి దాని మీద అనుమానముంటే జింక్ సల్ఫేటే వాడతాం. పైగా జియార్డియా రోజూ మలంలో పడదు. రోజు విడిచి రోజు మూడు శాంపిళ్లు అడిగితే విసుక్కోకండి.

గుడ్లు కనబడలేదంటే పురుగులు లేనట్టేనని నేనొప్పుకోను. కూనల్లో హుక్‌వార్మ్‌లు గుడ్లు పెట్టకముందే రక్తం పీల్చేస్తాయి. చిగుళ్లు పాలిపోయిన కూనకు రిపోర్టు కోసం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి. మలంలోనే యాంటిజెన్ (పురుగు వదిలే ప్రొటీన్) పట్టే పరీక్ష దొరికితే ఇంకా మేలు. మీ కుక్క కుందేలు పెంటికలు తినే రకమైతే ముందే చెప్పండి. ఆ పెంటికల్లోని పురుగు గుడ్లు కుక్క కడుపులోంచి అలాగే బయటికొచ్చి మమ్మల్ని బోల్తా కొట్టిస్తాయి.

బద్దెపురుగుల దగ్గర మాత్రం మైక్రోస్కోప్ కన్నా మీ కళ్లే నయం. తోక ఎత్తి చూడండి, పడుకునే గుడ్డ దులపండి. బియ్యపు గింజల్లాంటి ముక్కలు కదులుతూ కనిపిస్తే పారదర్శకమైన టేపుకు అంటించి తెండి. వెంటనే ఫ్లీస్ (బొచ్చులో గెంతుతూ రక్తం తాగే చిన్న పురుగులు) కోసం కూడా వెతకండి, మామూలుగా కనిపించే బద్దెపురుగు వాటిని మింగితేనే వస్తుంది. సన్నపళ్ల దువ్వెనతో దువ్వి, రాలిన నల్లపొడిని తడి తెల్లకాగితం మీద వేయండి. చుట్టూ ఎర్రగా దిగితే అది ఫ్లీస్ మలం.

గజ్జికి చర్మం గీకి చూడటం మామూలే. గజ్జి తెచ్చే సూక్ష్మ పురుగుల్లో ఒకటైన డెమోడెక్స్ అనుమానమైతే కంటి చుట్టూ, వేళ్ల సందుల్లో గీకే బదులు వెంట్రుకలు కుదుళ్లతో పీకి నూనె చుక్కలో చూడమని అడగొచ్చు. గజ్జి తెచ్చే ఇంకో పురుగు సార్కాప్టిస్ అలా దొరకదు, గీకినా చాలాసార్లు తప్పించుకుంటుంది.

లీష్మేనియా అనే పరాన్నజీవికి ఎముక మజ్జ తీయాలన్నారంటే కంటి రెప్ప లోపల స్వాబ్ (దూది పుల్ల) తిప్పి పీసీఆర్ (దాని డీఎన్ఏ పట్టే పరీక్ష) చేయొచ్చా అని అడిగి చూడండి. గోమార్ల వల్ల వచ్చే, ఎర్ర రక్తకణాల్లో చేరే బబీసియాకు చెవి అంచున చిన్నగా పొడిచి తీసిన రక్తపు బొట్టును గాజుపలక మీద పల్చగా పూసి (స్మియర్) చూస్తాం.

హార్ట్‌వార్మ్ (గుండె పురుగు)కు మాత్రం రక్తం ఇవ్వక తప్పదు, అదీ కొన్ని చుక్కలే. పురుగు ఒంట్లో చేరి దాదాపు ఆరు నెలలైతే గానీ ఆ టెస్టులో తేలదు కాబట్టి నాలుగు నెలల కూనకు చేయించడం డబ్బు దండగ.