పిండి లేని చాక్లెట్ కేకు బెడిసికొడితే: సమస్యలు, కారణాలు, పరిష్కారాలు

ఈ కేకులో మైదా లేదు, బేకింగ్ పౌడర్ లేదు. చాక్లెట్, వెన్న, గుడ్లు, కాస్త కోకో, చక్కెరకు బదులు మరో తీపి పదార్థం, అంతే. మామూలు కేకులో చిన్న చిన్న పొరపాట్లను పిండి కప్పిపుచ్చుతుంది. ఇక్కడ ఆ ఆసరా లేదు. కేకును నిలబెట్టే భారమంతా గుడ్డులోని ప్రొటీన్ మీద, కొంత కోకో మీద పడుతుంది. అందుకే తప్పు బయటపడేది ఓవెన్‌లోనే అయినా, చాలాసార్లు అది మొదలయ్యేది కలిపే గిన్నెలో.

కింద చెప్పినవన్నీ 20 సెంటీమీటర్ల టిన్నుకు సరిపోయే ఈ కొలతలకు వర్తిస్తాయి: 85 శాతం కోకో ఉన్న చాక్లెట్ 200 గ్రాములు, వెన్న 150 గ్రాములు, గుడ్లు 5, పొడి చేసిన ఎరిత్రిటాల్ (చక్కెరకు బదులు వాడే తీపి పదార్థం) 130 గ్రాములు, కోకో 30 గ్రాములు, చిటికెడు ఉప్పు. ఓవెన్ వేడి 165 డిగ్రీల సెల్సియస్, సమయం సుమారు అరగంట.

కరుగుతున్న చాక్లెట్ ఉన్నట్టుండి ముద్దకట్టింది

తడి తగిలింది. చాక్లెట్‌లో నీరు దాదాపు ఉండదు. తడి గరిటె పెట్టినా, కింది గిన్నె నుంచి ఆవిరి చేరినా అందులోని పొడి రేణువులు ఆ కాస్త నీటినీ పీల్చుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. వింతగా అనిపించినా దీనికి విరుగుడు ఇంకొంచెం నీరే. బాగా వేడిగా ఉన్న నీళ్లు చెంచా చొప్పున పోస్తూ గట్టిగా కలిపితే మళ్లీ నునుపుగా మారుతుంది. రెండు మూడు చెంచాలతో కేకుకు వచ్చే నష్టమేమీ లేదు. మాడు వాసన వచ్చిందంటే మాత్రం ఆ చాక్లెట్‌ను వదులుకోవాల్సిందే.

మిశ్రమం విరిగి, నెయ్యి తేలింది

కోకో శాతం ఎక్కువున్న చాక్లెట్‌కు ఈ బెడద ఎక్కువ. వేడి మితిమీరితే కొవ్వు విడిపోతుంది, 50 డిగ్రీలు దాటనివ్వకండి. విరిగినదాన్ని పొయ్యి మీద నుంచి దించి, గోరువెచ్చని క్రీమ్ చెంచా చొప్పున వేస్తూ గిన్నె మధ్య నుంచి అంచులకు కలపండి. ఫ్రిజ్‌లోంచి తీసిన గుడ్లను అలాగే వేసినా ఇదే గొడవ: చాక్లెట్ చల్లబడి ఉండలు కడుతుంది. గుడ్లను పెంకుతోనే పది నిమిషాలు వెచ్చని నీళ్లలో ఉంచితే చాలు.

మిశ్రమంలో గుడ్డు పలుకులు

సలసల కాగే చాక్లెట్‌ను గుడ్లలో పోస్తే అవి అక్కడికక్కడే ఉడికిపోతాయి. కొన్ని పలుకులే అయితే జల్లెడలో వడకట్టి ముందుకు సాగండి. చాక్లెట్ 40 డిగ్రీలకు చల్లారాక కలపడం మంచిది. థర్మామీటర్ లేకపోతే గిన్నె అడుగును తాకి చూడండి: వెచ్చగా ఉండాలి, చురుక్కుమనకూడదు.

పంటి కింద గరగర, నాలుక మీద చల్లదనం

తక్కువ కార్బ్ (పిండిపదార్థాలు, చక్కెరలు తక్కువున్న) కేకుల మీద వచ్చే ఫిర్యాదుల్లో పెద్దది ఇదే. నేరం ఎరిత్రిటాల్‌ది. చక్కెరతో పోలిస్తే అది నీటిలో చాలా తక్కువగా కరుగుతుంది. వేడి మీద కరిగినా కేకు చల్లారేటప్పుడు మళ్లీ స్ఫటికాలు కడుతుంది. ఆ స్ఫటికాలు నోట్లో కరిగేటప్పుడు వేడిని పీల్చుకోవడం వల్లే నాలుకకు చల్లగా తగులుతుంది. వేడివేడిగా రుచి చూసినప్పుడు బాగున్న కేకు మర్నాటికి ఇసుక కలిసినట్టు ఉందంటే కారణం ఇదే.

ముందుగా చేయగలిగింది మిక్సీలో మెత్తని పొడి చేసి వాడటం. గింజలుగా వేస్తే ఎంత గిలక్కొట్టినా కొన్ని మిగులుతాయి. అంతకంటే మెరుగైన మార్గం సగం తగ్గించి, ఆ సగానికి అల్యులోజ్ అనే మరో తీపి పదార్థం వేయడం. అది స్ఫటికాలు కట్టదు, కేకును మెత్తగా ఉంచుతుంది. కాకపోతే త్వరగా రంగు మారుతుంది కాబట్టి ఓవెన్‌ను పది డిగ్రీలు తగ్గించండి. రెండింటి తీపీ చక్కెర తీపిలో సుమారు 60 నుంచి 70 శాతమే. అచ్చంగా స్టీవియా (ఒక మొక్క ఆకుల నుంచి తీసే గాఢమైన తీపి) మీదే ఆధారపడితే తీపి వస్తుంది గానీ పరిమాణం రాదు, కేకు కుదించుకుపోతుంది.

ఇక ‘చక్కెర లేని’ చాక్లెట్ అని రాసి ఉన్నంత మాత్రాన నమ్మేయకండి, వెనక ఉన్న పదార్థాల జాబితా చదవండి. అందులో మాల్టిటాల్ అనే తీపి పదార్థం ఉంటే అది రక్తంలో చక్కెరను ఎంతో కొంత పెంచుతుంది, ఎక్కువ తింటే కడుపునూ ఇబ్బంది పెడుతుంది. జైలిటాల్ అనే మరో తీపి పదార్థంతో చేసిన కేకు ముక్క కుక్కకు అందితే ప్రాణాపాయం, ఇంట్లో కుక్క ఉంటే జైలిటాల్ వాడకపోవడమే మేలు.

మధ్యలో కుంగింది, పైన పగిలింది

ఇది సమస్యే కాదు. గుడ్ల నురగలోని గాలి వేడికి ఉబ్బి, చల్లారగానే తగ్గుతుంది. ఆ ఎత్తును నిలబెట్టడానికి పిండి లేదు మరి. గుంట మరీ లోతుగా ఉంటే గుడ్లను అతిగా గిలక్కొట్టారని అర్థం. ఓవెన్‌లోంచి తీయగానే అంచుల వెంట చాకు తిప్పితే సమంగా దిగుతుంది. అయినా పగుళ్లు కనిపిస్తే కోకో చల్లేయండి.

ఎండిపోయి, నీసు వాసన వస్తోంది

ఎక్కువసేపు కాలింది. పుల్ల గుచ్చి అది శుభ్రంగా బయటికి వచ్చేదాకా ఆగడం మామూలు కేకు పద్ధతి, ఇక్కడ పనికిరాదు. అంచులు గట్టిపడి, టిన్నును కదిపితే నడుమ భాగం వణకాలి. థర్మామీటర్ గుచ్చితే 71 నుంచి 75 డిగ్రీల మధ్య చూపాలి. ఎండిన కేకును మళ్లీ మెత్తగా చేయలేం, గిలక్కొట్టిన క్రీమ్‌తో వడ్డించండి.

మధ్యలో జారుగా ఉంది

వేడి మీద కోస్తే అలాగే ఉంటుంది, పూర్తిగా చల్లారనివ్వండి. అయితే ఓవెన్‌లోంచి తీసినప్పుడే 71 కంటే తక్కువ ఉంటే ఫ్రిజ్ మీద భారం వేయకండి, గుడ్డు ఇంకా పచ్చిగానే ఉంది. వెంటనే 150 డిగ్రీల వద్ద మరో పది నిమిషాలు పెట్టండి.

అడుగు తడిసింది

నీళ్ల పళ్లెంలో పెట్టి కాల్చేటప్పుడు అడుగు ఊడే టిన్ను వాడితే నీరు లోపలికి చేరుతుంది. అడుగు అతికి ఉన్న టిన్నులో బటర్ పేపర్ పరిచి కాల్చండి.

చేదుగా, గట్టిగా ఉంది

ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీశారా? కోకో వెన్న కరిగేది దాదాపు 34 డిగ్రీల వద్ద. అంత చల్లగా ఉన్న ముక్కలో అది బిగుసుకుని ఉంటుంది, తీపి కూడా సరిగా తెలియదు. ముప్పావుగంట బయట ఉంచి మళ్లీ రుచి చూడండి. అప్పటికీ చేదైతే ఈసారి ఉప్పు ఇంకో చిటికెడు వేయండి, లేదా 70 శాతం చాక్లెట్‌ను కొంత కలపండి. కార్బ్ లెక్క కాస్త పెరుగుతుంది, అది మీ ఇష్టం. కోసేముందు చాకును వేడినీళ్లలో ముంచి తుడవండి, ప్రతి ముక్కకూ.