ల్యాప్‌టాప్ గ్రాఫిక్స్ ఓవర్‌క్లాకింగ్, 4వ పాఠం: ముందు ఆ స్టార్టప్ టిక్కు తీసెయ్యండి

ఓవర్‌క్లాకింగ్ అంటే గ్రాఫిక్స్ చిప్‌ని కంపెనీ పెట్టిన స్పీడ్ కన్నా ఎక్కువగా నడపడం. ఈసారి నేరుగా మెమరీ క్లాక్‌తో (గ్రాఫిక్స్ మెమరీ స్పీడ్) మొదలుపెడదాం అనుకున్నా గానీ, పోయిన పాఠం తర్వాత వచ్చిన మెసేజ్‌లు చూశాక ఆగాల్సొచ్చింది. దాదాపు అందరిదీ ఒకటే గొడవ. ఆఫ్టర్‌బర్నర్‌లో (ఈ స్పీడ్‌లు మార్చే సాఫ్ట్‌వేర్) కోర్ క్లాక్, అంటే చిప్ స్పీడ్, +150 మెగాహెర్ట్జ్ పెట్టారు, గేమ్ ఒక పది నిమిషాలు బానే ఆడింది, ఇంకేముంది అని ఆ విండోస్ లోగో బటన్ నొక్కేశారు, పొద్దున్న ఆన్ చేస్తే లాగిన్ అవ్వగానే స్క్రీన్ నల్లగా అయిపోతోంది.

నేను స్టార్టప్ టిక్కు అంటున్నది ఆ బటన్‌నే. దాని అర్థం, విండోస్ లేచిన ప్రతిసారీ ఇవే క్లాకులు పెట్టెయ్యి అని. అది నొక్కకుండా ఉంటే రీస్టార్ట్ చేస్తే చాలు, అంతా కంపెనీ సెట్టింగ్‌కి వచ్చేస్తుంది. ఇప్పుడు ఇరుక్కున్నవాళ్లు ఇలా చెయ్యండి: విండోస్ లోడ్ అవుతున్నప్పుడు పవర్ బటన్ నొక్కిపట్టి ఆపెయ్యండి, రెండు మూడుసార్లు అలా చేస్తే రిపేర్ స్క్రీన్ వస్తుంది, అక్కడ ట్రబుల్‌షూట్, అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్, స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్ట్, తర్వాత 4 నొక్కితే సేఫ్ మోడ్. అందులో ఎన్విడియా డ్రైవర్ లోడ్ అవ్వదు కాబట్టి స్క్రీన్ పోదు, ఆఫ్టర్‌బర్నర్ తీసెయ్యండి, పాత సెట్టింగ్స్ ఉంచాలా అంటే వద్దనండి. మధ్యలో బిట్‌లాకర్ (డిస్క్‌కి విండోస్ వేసే తాళం) కీ అడగొచ్చు, 48 అంకెలు, సాధారణంగా మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది, ఇరుక్కోనివాళ్లు కూడా ఇవాళే కాగితం మీద రాసిపెట్టుకోండి.

"టెంపరేచర్ 75 కూడా దాటలేదు సార్, ఎందుకు క్రాష్ అయింది" అని విశాఖ ఎంవీపీ కాలనీ హాస్టల్ నుంచి ఒక తమ్ముడు అడిగాడు. +150 అంటే అదే వోల్టేజ్‌కి ఎక్కువ స్పీడ్ అడగడం. చిప్ చల్లగా ఉన్నా ఆ వోల్టేజ్‌కి అంత స్పీడ్ రాకపోతే లెక్క తప్పుతుంది, డ్రైవర్ జవాబు ఇవ్వదు, 2 సెకన్లు చూసి విండోస్ దాన్ని రీసెట్ చేస్తుంది. స్క్రీన్ ఒక్కసారి ఆరి వెలిగేది అందుకే. ఈవెంట్ వ్యూయర్‌లో (విండోస్ రాసుకునే తప్పుల చిట్టా) 4101 నంబర్ కనిపిస్తే అదే.

ఇక మెమరీ. "+1000 పెట్టాను, క్రాష్ కాలేదు, అంటే సేఫ్" అనే మాట వింటే నాకు చిరాకు. జీడీడీఆర్6 అనే గ్రాఫిక్స్ మెమరీలో డేటా పాడైతే పట్టుకుని మళ్లీ పంపించే ఏర్పాటు ఉంది. అంటే తప్పులు వస్తున్నా గేమ్ ఆగదు, నెమ్మదిస్తుంది అంతే. ఉదాహరణకి మీ గేమ్ +300కి 72 ఎఫ్‌పీఎస్ (సెకనుకి ఫ్రేములు), +600కి 75, +800కి 75, +1000కి 71 ఇచ్చింది అనుకోండి. క్లాక్ పెరిగింది, స్పీడ్ తగ్గింది, అంటే తీసుకున్న దాంట్లో కొంత మళ్లీ పంపడానికే పోతోంది. ఇక్కడ సరైన నంబర్ +800 కూడా కాదు, +600. పైగా చాలా ల్యాప్‌టాప్‌లలో మెమరీ టెంపరేచర్ బయటికి చూపించదు, మీరు చూసే 75 కోర్‌ది, దాని పక్కన మెమరీ చిప్పులు ఎంత కాగుతున్నాయో మీకు తెలీదు. అందుకే ఒక్కో 100 పెంచుతూ ప్రతిసారీ అదే సీన్‌లో ఎఫ్‌పీఎస్ రాసుకోండి. క్రాష్ కోసం ఎదురుచూడొద్దు.

డెస్క్‌టాప్‌లో కార్డ్ పోతే ఇంకోటి కొని పెడతాం. ల్యాప్‌టాప్‌లో చిప్ బోర్డుకే అతికించి ఉంటుంది, పోతే మదర్‌బోర్డే మార్చాలి. 2008లో ఎన్విడియా తన పాత ల్యాప్‌టాప్ చిప్పుల ప్యాకేజింగ్ మెటీరియల్ బలహీనంగా ఉండి పాడవుతున్నాయని 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెట్టాల్సొచ్చింది. వేడెక్కడం, చల్లారడం, మళ్లీ వేడెక్కడం, ఇదే కీలకం. మన విశాఖలో దీనికి ఉప్పుగాలి తోడు, వన్‌టౌన్ వైపు పోర్టు బొగ్గు దుమ్ము కూడా, ఫ్యాన్ వెనక రెక్కల మధ్య నల్లటి పొర కట్టేస్తుంది. అది శుభ్రం చేయించకుండా ఆఫ్టర్‌బర్నర్ స్లైడర్ ముట్టుకోవద్దు. మంచం మీద, పరుపు మీద అసలు వద్దు.

నన్నడిగితే ల్యాప్‌టాప్‌కి అండర్‌వోల్టే మేలు. ఒకే పేరున్న ఎన్విడియా 3060 ల్యాప్‌టాప్ చిప్ ఒక మోడల్‌లో 60 వాట్లు, ఇంకోదాంట్లో 115, ఆ లిమిట్ కంపెనీ పెట్టిందే, మామూలుగా మీ స్లైడర్‌తో కదలదు. ఉన్న వాట్లలోనే తక్కువ వోల్టేజ్‌తో నడిపిస్తే అదే పనికి వేడి తగ్గుతుంది.

ప్రాక్టీస్: స్టార్టప్ టిక్కు లేకుండా, కోర్ +50, మెమరీ సున్నా. ఒక రోజు మధ్యాహ్నం ఏసీ లేని గదిలో గంట, రాత్రి ఏసీలో గంట, అదే గేమ్, అదే మ్యాప్. హెచ్‌డబ్ల్యూఇన్ఫోలో (చిప్ కొలతలు చూపే సాఫ్ట్‌వేర్) లాగింగ్ ఆన్ చేసి కోర్ టెంపరేచర్, వాట్లు, క్లాక్ మూడూ రాయించండి. మధ్యలో కరెంట్ పోతే ఆ లాగ్ పారేసి మళ్లీ మొదటి నుంచి చెయ్యండి, బ్యాటరీ మీద చిప్ వాట్లు పడిపోతాయి కాబట్టి ఆ నంబర్లు పనికిరావు. 4101 ఒక్కటి కనిపించినా +50 కూడా తీసేసి, సున్నాతో అదే గంట మళ్లీ నడిపి రెండు లాగ్‌లూ పంపండి. అవి చూశాకే వోల్టేజ్ కర్వ్ (ఏ వోల్టేజ్‌కి ఎంత స్పీడ్ అనే గీత) పాఠం రాస్తా.