బ్రిడ్జికి తలలు కావాలంటూ మెసేజ్ వస్తే ఏం చేయాలి

"ఫ్లైఓవర్ పిల్లర్ నిలబడటం లేదంట, నరబలి అడుగుతోందంట, పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠా దిగిందంట." ఇలాంటి మెసేజ్ మీ ఫ్యామిలీ గ్రూపులోకి ఇంకా రాకపోతే ఏదో ఒక రోజు వస్తుంది. నవ్వుకుని వదిలేయకండి, అలాగని గ్రూపులోనే ఇంతెత్తున లేవకండి కూడా. ముందు పద్మ బ్రిడ్జి సంగతి తెలుసుకోండి.

బంగ్లాదేశ్‌లో పద్మా నది మీద 6.15 కిలోమీటర్ల వంతెన కడుతుంటే, 2019 జులైలో ఫేస్‌బుక్ నిండా ఒకటే మాట: పునాదికి మనుషుల తలలు కావాలి, పిల్లల్ని పట్టుకుపోతున్నారు అని. ఇది వట్టి పుకారని ప్రాజెక్టు అధికారులు ప్రకటన ఇచ్చినా ఎవరూ వినిపించుకోలేదు. ఢాకాలో తన బిడ్డను బడిలో చేర్పించడానికి వివరాలు కనుక్కుందామని వెళ్లిన ఒక తల్లిని, పిల్లల్ని ఎత్తుకుపోయే మనిషి అనుకుని జనం కొట్టి చంపేశారు. ఆ నెలలో అలా కనీసం 8 మంది పోయారు. బ్రిడ్జి మాత్రం 2022 జూన్ 25న మామూలుగానే మొదలైంది.

కాబట్టి మెసేజ్ రాగానే ముందు అందులో నిజం పాలు ఎంతుందో వెతకండి, ఎంతో కొంత ఉంటుంది. పద్మ దగ్గర నది అడుగున మట్టి మెత్తగా ఉండటంతో కొన్ని పిల్లర్ల పునాది డిజైన్ మార్చాల్సి వచ్చింది, పని ఆలస్యమైంది. అంతకు ముందే, 2015లో, అక్కడ పనిచేసే చైనావాళ్లు జంతువుల్ని బలిచ్చి రక్తం నదిలో పోశారని పత్రికల్లో వచ్చింది. ఈ రెండూ కలిస్తే చాలు. మన దగ్గరా పని మొదలుపెట్టే రోజు గుమ్మడికాయ కొడతారు, కొన్నిచోట్ల కోడినో మేకనో కోస్తారు, అది దాచేదేం కాదు. మేక దగ్గర మొదలైన కథ మనిషి దాకా రావడానికి రెండు టీ కొట్లు దాటితే సరిపోతుంది. "మేకను కోసింది నిజమేనండీ, తర్వాతది అబద్ధం" అంటే వినేవాళ్లు ఉంటారు. మొత్తం అబద్ధం అంటే మాత్రం మేకను కళ్లారా చూసినవాడు మీ మాట ఇంక నమ్మడు.

తర్వాత మెసేజ్‌ని పోలీసులా ప్రశ్నించండి. ఏ బ్రిడ్జి, ఏ తేదీ, ఏ పోలీస్ స్టేషన్లో కేసు, తప్పిపోయిన పిల్లాడు ఎవరి పిల్లాడు? "మా పక్క ఊళ్లో" అంటూ ఊరి పేరు చెప్పని వాయిస్ మెసేజ్ అయితే అక్కడే తేలిపోయింది. పైన రెండు బాణాల గుర్తు కనిపిస్తే అది చాలా చేతులు మారి వచ్చిందని. ఫోటో ఉంటే గూగుల్ లెన్స్‌లో పెట్టి చూడండి, చాలాసార్లు ఏ దేశానిదో, ఏ ఏడాదిదో పాత ఫోటో బయటపడుతుంది.

"శవాన్ని కాంక్రీట్‌లో కలిపేస్తే బ్రిడ్జి గట్టిగా ఉంటుందట" అనేవాళ్లకు పని ఎలా జరుగుతుందో చెప్పండి. పద్మలో వేసినవి 3 మీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గొట్టాలు, వాటిని భారీ సుత్తితో 120 మీటర్ల లోతు దాకా దిగ్గొట్టారు. పచ్చిగా చెప్పాలంటే, కాంక్రీట్‌లో మనిషి శరీరం ఉంటే అది కుళ్లి అక్కడ బోలు మిగులుతుంది, పిల్లర్ బలహీనపడుతుంది. ఏ ఇంజినీరూ అది కోరుకోడు.

భయపెట్టే కథే కావాలంటే అసలైనవే ఉన్నాయి. న్యూయార్క్ బ్రూక్లిన్ బ్రిడ్జి పిల్లర్లలో కూలీల శవాలు ఉన్నాయని ఇప్పటికీ చెప్పుకుంటారు. అవేమీ లేవు కానీ, డిజైన్ చేసిన జాన్ రోబ్లింగ్ 1869లో పాదం నలిగి ధనుర్వాతంతో చనిపోయాడు. పని అందుకున్న కొడుకు వాషింగ్టన్, నది అడుగున గాలి ఒత్తిడి పెంచిన గదుల్లోంచి పైకి వచ్చినప్పుడు పట్టుకునే జబ్బుతో మంచాన పడ్డాడు. భార్య ఎమిలీ సైట్‌కీ ఆయనకీ మధ్య తిరుగుతూ పని నడిపించింది. నాకైతే శవాల కథకంటే ఇదే ఎక్కువ వణుకు పుట్టిస్తుంది.

మెసేజ్ పెట్టింది పెదనాన్న అయితే గ్రూపులో పరువు తీయకండి. విడిగా ఫోన్ చేసి "పెదనాన్నా, నేను కనుక్కున్నాను, అది పాతదట, మీరే తీసేసి అందరికీ ఒక మాట చెప్పండి" అనండి. ఆయనే చెప్తే పదిమంది వింటారు, మీరు చెప్తే గొడవవుతుంది.

పుకారు వీధిలోకి దిగిందంటే ఇక ఫోన్లో వాదనలు పనికిరావు. 2018 మే నెలలో హైదరాబాద్ చాంద్రాయణగుట్టలో ఇలాంటి పిల్లల దొంగల పుకారుకే ఒక ట్రాన్స్‌జెండర్ మహిళ బలైపోయింది. అదే సమయంలో గద్వాల ఎస్పీగా ఉన్న రెమా రాజేశ్వరి ఊరూరా పోలీసుల్ని పంపి, పాటలు కట్టించి మరీ జనానికి చెప్పించారు. మీ ఊళ్లోనూ సర్పంచ్‌తోనో బడి హెడ్‌మాస్టర్‌తోనో మైకులో చెప్పించండి. కొత్త మనిషి చుట్టూ జనం మూగినట్టు కనిపిస్తే ఒంటరిగా మధ్యలోకి దూరకండి. ముందు 112కి ఫోన్ చేసి ఏ సెంటరో, దగ్గర్లో ఏ గుడో ఏ షాపో, ఎంతమంది ఉన్నారో, చెయ్యి చేసుకోవడం మొదలైందో లేదో చెప్పండి. పోలీసులు వచ్చేలోపు తెలిసినవాళ్లు నలుగురు దొరికితే, ఆ మనిషిని దగ్గర్లోని షాపులో కూర్చోబెట్టి షట్టర్ దించేయండి.